మూత తీసిన గంట: తీర జిల్లాల ల్యాబుల్లో పెప్టైడ్ల నిల్వ, వాడకం

పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) వయల్, అంటే చిన్న గాజు సీసా, మొదటిసారి చేతికొచ్చిన ఎవరైనా ముందు అడిగేది ఒకటే: "దీన్ని ఎన్ని డిగ్రీల్లో పెట్టాలండీ?" ఎచ్చెర్ల యూనివర్సిటీ ల్యాబులో అడిగినా, విజయనగరం ఫార్మసీ కాలేజీలో అడిగినా, పైడిభీమవరం వైపు కంపెనీలో అడిగినా జవాబు మారదు. తేమ తగలకుండా, వెలుతురు తగలకుండా, మైనస్ 20 డిగ్రీల్లో. అంతే. కాకపోతే మూత బిగించిన వయల్ ఫ్రీజర్లో చెడిపోవడం అరుదు. దాన్ని బయటికి తీసి, మూత తిప్పి, ద్రావకం పోసి, మిగిలింది మళ్లీ లోపల పెట్టే గంట ఉంది చూశారూ, నష్టమంతా ఆ గంటలోనే జరుగుతుంది. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో ఆ నష్టం ఇంకా తొందరగా జరుగుతుంది.

వానాకాలంలో పలాస జీడిపప్పు ప్యాకెట్ విప్పి బల్ల మీద వదిలేస్తే సాయంత్రానికి ఎలా మెత్తబడుతుందో తెలిసిందే. గడ్డకట్టించి తేమ లాగేసిన పెప్టైడ్ పొడికి అంతకంటే ఎక్కువ దాహం. జీడిపప్పైతే నోట్లో వేసుకోగానే తెలిసిపోతుంది. పెప్టైడ్ చెడితే తెలిసేది ఆరు నెలల తర్వాత, ప్రయోగం ఫలితం రెండోసారి రానప్పుడు.

ఆర్డర్ దగ్గరే తేలిపోయే విషయాలు

5 మిల్లీగ్రాములు కావాలంటే ఒకే వయల్‌లో తెప్పించుకోవద్దు. ఒక్కోటి 1 మిల్లీగ్రాము చొప్పున ఐదు వయల్స్‌గా నింపి పంపమనండి. ధర కొంచెం పెరుగుతుంది. అయినా ఒకే వయల్‌ను ఐదుసార్లు తెరిచి పోగొట్టుకునేదానితో పోలిస్తే అది లెక్కలోకి రాదు. పైగా మామూలు నాలుగు దశాంశాల త్రాసు మీద 1 మిల్లీగ్రాము తూచితే, చివరి అంకె ఒకటి అటూ ఇటూ అయినా పది శాతం తేడా వస్తుంది. వయల్‌లో ఉన్నదంతా ఒకేసారి కరిగిస్తే ఆ తూకం అవసరమే ఉండదు.

రెండో సంగతి లవణం. తయారీలో రెజిన్ నుంచి పెప్టైడ్‌ను విడదీయడానికీ, హెచ్‌పీఎల్‌సీలో (కలగలిసిన పదార్థాలను విడదీసే యంత్రంలో) శుద్ధి చేయడానికీ టీఎఫ్ఏ, అంటే ట్రైఫ్లోరో అసిటిక్ ఆమ్లం వాడతారు. అందుకే ప్రత్యేకంగా అడగకపోతే వచ్చేది టీఎఫ్ఏ లవణమే. ఎలైజా లాంటి పరీక్షలకు దానితో పెద్దగా ఇబ్బంది లేదు. కణాల మీద ప్రయోగమైతే మాత్రం అసిటేట్ లవణం అడగండి, ఎందుకంటే మిగిలిన టీఎఫ్ఏ కణాల పెరుగుదలను మార్చగలదు.

మూడోది కాగితాలు. హెచ్‌పీఎల్‌సీ గ్రాఫ్, అణుభారం చూపే మాస్ స్పెక్ట్రమ్ దాదాపు ప్రతివాళ్లూ ఇస్తారు. నికర పెప్టైడ్ శాతం (పొడి బరువులో అసలు పెప్టైడ్ వాటా) మాత్రం అడిగితేనే ఇస్తారు, కొందరు విడిగా డబ్బు తీసుకుంటారు. డబ్బు కట్టాల్సి వచ్చినా మంచిదే, తీసుకోండి. అది లేకపోతే ఏమవుతుందో కింద లెక్క వేసి చూపిస్తాం.

పార్సిల్ సోమవారం బయల్దేరేలా చూడమని సరఫరాదారుకు చెప్పండి. శుక్రవారం బయల్దేరిన పెట్టె విశాఖలో ఆదివారమంతా గోడౌన్‌లో పడి ఉంటుంది. ఒకవేళ అలా జరిగి ఐస్ ప్యాక్ కరిగి వచ్చినా కంగారుపడి వెనక్కి పంపేయకండి. సీలు చెక్కుచెదరని పొడి పెప్టైడ్లలో చాలావరకు గది ఉష్ణోగ్రతలో కొన్ని రోజులు తట్టుకుంటాయి. ద్రావణంగా పంపించినవైతే ఆ వెసులుబాటు ఉండదు.

పెట్టె వచ్చిన రోజు

వయల్ మూత తీయాల్సిన పని ఆ రోజు లేదు. పేరు, అమైనో ఆమ్లాల వరుస, లాట్ నంబరు, పరిమాణం కాగితంతో పోల్చి చూడండి. రిజిస్టర్లో రాయండి, ఫ్రీజర్లో ఏ డబ్బాలో ఏ గడిలో పెట్టారో కూడా రాయండి. మామూలు స్కెచ్ పెన్ రాత స్పిరిట్ తగిలితే తుడిచిపెట్టుకుపోతుంది, కనుక చలికి ఊడని క్రయో లేబుల్ వాడండి. అది లేకపోతే వయల్ మీది గరుకు భాగంపై పెన్సిల్‌తో రాయండి.

"మేడమ్, ఖాళీ వయల్ పంపారండీ" అని కొత్త స్కాలర్లు పరుగెత్తుకొస్తారు. ఖాళీ కాదమ్మా. 1 మిల్లీగ్రాము పొడి గాజు గోడకు పలుచటి పొరలా అంటుకుని ఉండవచ్చు, ఒక్కోసారి మూత లోపలి వైపు పట్టుకుని ఉండవచ్చు. అందుకే తెరిచే రోజున ముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒక తిప్పు తిప్పడం తప్పనిసరి.

ఎక్కడ పెట్టాలి

నెలల తరబడి దాచాల్సిన పొడికి మైనస్ 20 చాలు. వరుసలో సిస్టీన్, మిథియోనైన్, ట్రిప్టోఫాన్, ఆస్పరాజిన్, గ్లుటమిన్ ఉన్నా, ఏళ్ల తరబడి దాచాల్సి వచ్చినా మైనస్ 80 మేలు. మామూలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య కొన్ని వారాలకు ఫరవాలేదు.

ఏ ఫ్రీజర్ అన్నది డిగ్రీల కంటే పెద్ద ప్రశ్న. ఇళ్లలో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ డబుల్ డోర్ ఫ్రిజ్ పై అర చాలా కాలేజీల్లో ల్యాబు ఫ్రీజర్‌గా చలామణీ అవుతోంది. మంచు పేరుకోకుండా ఉండటానికి అది రోజులో ఒకటి రెండుసార్లు తనను తాను వేడి చేసుకుంటుంది. ఆ కాసేపు లోపలి వస్తువులు వెచ్చబడి, మళ్లీ చల్లబడతాయి. ఐస్‌క్రీముకు దానితో పెద్ద బాధ లేదు. ద్రావణంగా ఉన్న పెప్టైడ్‌కు మాత్రం అది రోజూ సగం కరిగి సగం గడ్డకట్టడమే. మంచు పేరుకుంటే మనమే గీకుకోవాల్సిన పాత రకం డీప్ ఫ్రీజరే దీనికి సరైనది. మంచు గీకే రోజున వయల్స్‌ను ఐస్ డబ్బాలోకి మార్చడం మరిచిపోవద్దు.

వయల్‌ను జిప్ కవర్లో, పక్కన చిన్న సిలికా జెల్ పొట్లంతో, గాలి చొరని డబ్బాలో పెట్టండి. డబ్బాను తలుపు అరలో కాక వెనకవైపు, కింద పెట్టండి. సిలికా జెల్ నీలంగా ఉండి గులాబీగా మారే రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు. నారింజ నుంచి ఆకుపచ్చకు మారే రకం కొనండి. రంగు మారగానే పారేయక్కర్లేదు. ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెడితే మళ్లీ పనికొస్తుంది.

ఇక ఆ గంట

శ్రీకాకుళంలో ఆగస్టు మధ్యాహ్నం గది 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉందనుకుందాం. అలాంటి గాలిలో 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. అంటే మైనస్ 20 నుంచి తీసిన వయల్ మాట అలా ఉంచండి, 20 డిగ్రీలకు వచ్చిన వయల్ కూడా చెమర్చుతుంది. బయట చెమట పట్టిన వయల్ మూత తీస్తే ఆ తేమే లోపల పొడి మీద కూడా చేరుతుంది. అదే ఏసీ గదిలో 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే ఆ హద్దు 14 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. పుస్తకాల్లో రాసే "గది ఉష్ణోగ్రతకు రానివ్వండి" అన్న ఒక్క వాక్యం మన దగ్గర ఎందుకు సరిపోదో ఈ లెక్కే చెబుతుంది. ఏసీ వేసి అరగంటైనా అయ్యాకే వయల్ తెరిచే పని పెట్టుకోండి.

1. వయల్‌ను ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా డెసికేటర్‌లో పెట్టండి. డెసికేటర్ లేకపోతే అడుగున ఆరిన సిలికా జెల్ పోసిన గాలి చొరని డబ్బా ఏదైనా సరే. గంటసేపు కదపొద్దు. తొందరపడి అరచేతిలో నలుపుతూ వెచ్చబెట్టడం, 37 డిగ్రీల నీళ్లలో ముంచడం వద్దు.

2. ఈలోపు ద్రావకం, లేబుల్ అంటించిన చిన్న ట్యూబులు, ఐస్ బకెట్, పిపెట్ అన్నీ సిద్ధం చేసుకోండి. మూత తీశాక ట్యూబు కోసం అలమర వెతుక్కోవడం చాలా ల్యాబుల్లో కనిపించే దృశ్యం.

3. సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఇది నవ్వులాట కాదు. ఈ పొడి దూది కంటే తేలిక, ఫ్యాన్ గాలికి వయల్‌లోంచి లేచిపోతుంది.

4. వయల్ బయట తడి ఉందేమో టిష్యూతో ఒత్తి చూడండి. తడి తగిలితే మళ్లీ డెసికేటర్‌లోకే.

5. సెంట్రిఫ్యూజ్‌లో పట్టే వయల్ అయితే కొన్ని సెకన్లు తిప్పండి, పొడి అడుక్కు దిగుతుంది. పట్టనిదైతే బల్ల మీద మెల్లగా తట్టండి.

6. మూత నెమ్మదిగా తిప్పండి. రబ్బరు మూతైతే ఒక్కసారి లాగకండి, లోపల ఒత్తిడి తక్కువగా ఉండి గాలి లోపలికి దూసుకెళ్లి పొడిని ఎగరగొడుతుంది.

7. ద్రావకాన్ని గోడల వెంట చుట్టూ జారేలా పోయండి. మూత బిగించి ఒకసారి తలకిందులు చేయండి, మూతకు పట్టిన పొడి కూడా కరగాలి. రెండు మూడు నిమిషాలు మెల్లగా తిప్పుతూ ఉండండి. వోర్టెక్స్ మీద నురగ వచ్చేదాకా కుదిపితే కొన్ని పెప్టైడ్లు ఆ నురగలోనే ముద్దకడతాయి.

కొంచెమే వాడి మిగతా పొడిని దాచాల్సి వస్తే, మూత బిగించే ముందు ఖాళీ భాగంలోకి పొడి నైట్రోజన్ గానీ ఆర్గాన్ గానీ వదలండి. పెదవికి తగిలీ తగలనంత సన్నని ధారగా వదలాలి. సిలిండర్ వాల్వ్ కొంచెం ఎక్కువ తిరిగితే గాలితో పాటు పెప్టైడ్ కూడా బయటికి వెళ్లిపోతుంది.

1 మిల్లీగ్రాము అంటే 1 మిల్లీగ్రాము కాదు

ఫలితాలు కలవకపోవడానికి పెద్ద కారణం ఇక్కడే ఉంది. సబ్‌స్టాన్స్ పి అనే నాడీ పెప్టైడ్‌ను తీసుకుందాం. ఇందులో అమైనో ఆమ్లాలు 11: ఆర్జినైన్, ప్రోలీన్, లైసీన్, ప్రోలీన్, గ్లుటమిన్, గ్లుటమిన్, ఫినైల్అలనైన్, ఫినైల్అలనైన్, గ్లైసిన్, ల్యూసిన్, మిథియోనైన్. చివర అమైడ్. అణుభారం 1347.6.

ధన ఆవేశాలు లెక్కపెట్టండి: ఆర్జినైన్ ఒకటి, లైసీన్ ఒకటి, మొదటి కొస ఒకటి, మొత్తం మూడు. ఒక్కో ఆవేశానికి ఒక టీఎఫ్ఏ అంటుకుంటుంది. టీఎఫ్ఏ అణుభారం 114. మూడు కలిపితే 342. అంటే లవణం బరువు సుమారు 1690, అందులో అసలు పెప్టైడ్ వాటా 80 శాతం. దీని మీద పొడిలో ఎప్పుడూ కొంత నీరు ఉంటుంది, అదీ పోతే 75 శాతం దగ్గర తేలుతుంది.

హెచ్‌పీఎల్‌సీ కాగితం మీద మాత్రం 98 శాతం అని ఉంటుంది. అది అబద్ధం కాదు. పెప్టైడ్ జాతికి చెందినవాటిలో మన పెప్టైడ్ ఎంత అన్నదే ఆ అంకె చెబుతుంది. నీరు, టీఎఫ్ఏ ఆ గ్రాఫ్‌లో లెక్కకు రావు. ఈ రెండు అంకెలనూ కలగాపులగం చేసేవాళ్లు చాలామంది.

1 మిల్లీగ్రాము వయల్, నికర శాతం 75 అనుకుంటే పెప్టైడ్ 0.75 మిల్లీగ్రాములు. దాన్ని 1347.6తో భాగిస్తే 0.557 మైక్రోమోల్స్. 1 మిల్లీమోలార్ స్టాక్ (తర్వాత పలుచన చేసుకునే గాఢ ద్రావణం) కావాలంటే 557 మైక్రోలీటర్లు పోయాలి. ఈ సవరణ వదిలేసి మొత్తం 1 మిల్లీగ్రామూ పెప్టైడే అనుకుంటే 742 మైక్రోలీటర్లు పోస్తారు. స్టాక్ 1 మిల్లీమోలార్ అని లేబుల్ మీద ఉంటుంది, ట్యూబులో ఉండేది 0.75. కొత్త లాట్‌లో ఆ శాతం 65కు మారితే మీ పాత ఫలితం మళ్లీ రాదు, తప్పు కణాల మీదికో విద్యార్థి మీదికో పోతుంది. కొందరు సరఫరాదారులు నికర బరువే నింపి ఇస్తారు, అది కాగితంలో ముందు చూసుకోండి. అప్పుడు రెండోసారి సవరిస్తే తప్పు తిరగబడుతుంది.

వరుసలో ట్రిప్టోఫాన్ గానీ టైరోసిన్ గానీ ఉంటే 280 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ చూసి గాఢత సరిచూసుకోవచ్చు. గుణకం ట్రిప్టోఫాన్ ఒక్కోదానికి 5500, టైరోసిన్ ఒక్కోదానికి 1490. సబ్‌స్టాన్స్ పిలో ఆ రెండూ లేవు, కాబట్టి దానికి ఈ దారి మూసుకున్నట్టే.

దేనిలో కరిగించాలి

ముందు ఆవేశాల లెక్క. ఆర్జినైన్, లైసీన్, మొదటి అమైనో కొస ఒక్కోదానికి ప్లస్ ఒకటి. ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం, చివరి కార్బాక్సిల్ కొస ఒక్కోదానికి మైనస్ ఒకటి. హిస్టిడిన్‌ను ఆమ్ల ద్రావణంలోనే ప్లస్‌గా లెక్కించండి. కొసలు అసిటైల్ తోనో అమైడ్ తోనో మూసి ఉంటే వాటికి సున్నా.

మొత్తం ప్లస్‌లో తేలితే ముందు శుద్ధమైన నీరు. కరగకపోతే 10 శాతం అసిటిక్ ఆమ్లం. మొత్తం మైనస్‌లో తేలితే నీరు, కరగకపోతే కొద్దిగా అమోనియం బైకార్బొనేట్ ద్రావణం. సిస్టీన్ ఉంటే క్షార ద్రావణం జోలికి పోవద్దు, పీహెచ్ 7 దాటగానే రెండు సిస్టీన్లు జతకట్టడం వేగం పుంజుకుంటుంది. ఆవేశం సున్నా దగ్గర ఉండి సగానికి పైగా నీటికి పడని అమైనో ఆమ్లాలే ఉంటే డీఎంఎస్ఓ లాంటి సేంద్రియ ద్రావకం తప్పదు.

ప్రయత్నించే వరుసకు ఒక కారణం ఉంది. నీరు, పలుచని అసిటిక్ ఆమ్లం, అసిటోనైట్రైల్ కుదరకపోతే మళ్లీ గడ్డకట్టించి ఆరబెట్టి పొడిని వెనక్కి తెచ్చుకోవచ్చు. డీఎంఎస్ఓ ఒకసారి పోశాక అలా ఆవిరి చేసి తీయడం కష్టం. అందుకే అది ఆఖరి ప్రయత్నం. బఫర్‌తో (పీహెచ్ నిలకడగా ఉంచే లవణ ద్రావణంతో) మొదలుపెట్టడం చాలామంది చేసే పొరపాటు. లవణాల మధ్య పెప్టైడ్ సరిగా కరగకపోతే వయల్ మొత్తం పోతుంది. ముందు నీటిలో గాఢమైన స్టాక్ చేసి, తర్వాత బఫర్‌లో పలుచన చేసుకోండి.

డీఎంఎస్ఓ స్టాక్‌ను బఫర్‌లో కలిపేటప్పుడు బఫర్‌ను కలియతిప్పుతూ అందులోకి స్టాక్‌ను చుక్కచుక్కగా వదలాలి. స్టాక్ మీద బఫర్ పోస్తే తెల్లగా విరిగిపోతుంది, పాలలో నిమ్మరసం పిండినట్టు. కణాల మీద ప్రయోగాల్లో చివరి డీఎంఎస్ఓ 0.5 శాతం దాటకుండా చూడండి, పెప్టైడ్ లేని డీఎంఎస్ఓ కంట్రోల్ తప్పక పెట్టండి. మిథియోనైన్, సిస్టీన్ ఉన్న పెప్టైడ్లను డీఎంఎస్ఓ ఆక్సీకరణకు గురిచేయగలదు, వాటికి డీఎంఎఫ్ అనే మరో సేంద్రియ ద్రావకం మేలు. ఇంకో చిన్న మాట: డీఎంఎస్ఓ 18.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఐస్ మీద పెట్టి "ఇంకా కరగలేదేంటి" అని చూస్తూ కూర్చోకండి.

ద్రావణం కళ్లకు తేటగా కనిపిస్తే చాలదు. సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు తిప్పి అడుగున చూడండి. సన్నటి తెల్ల మచ్చ కనిపిస్తే కరగనట్టే.

ఇంటర్నెట్‌లో పెప్టైడ్ల పక్కనే అమ్మే బాక్టీరియోస్టాటిక్ నీరు ల్యాబుకు అక్కర్లేదు. అందులోని 0.9 శాతం బెంజైల్ ఆల్కహాల్ కణాలకు హాని చేస్తుంది.

చిన్న ట్యూబుల్లోకి

557 మైక్రోలీటర్ల స్టాక్ ఒకే ట్యూబులో పెట్టి, ప్రతి వారం కరిగించి వాడి మళ్లీ గడ్డకట్టించడం మానుకోండి. 20 మైక్రోలీటర్ల చొప్పున పంచితే 27 ట్యూబులు వస్తాయి. ఒక రోజుకు ఒక ట్యూబు. మిగిలితే పారేయండి, మళ్లీ ఫ్రీజర్‌కు పంపకండి. 20 మైక్రోలీటర్లకు 2 మిల్లీలీటర్ల ట్యూబు వాడితే లోపలి నీరు నెమ్మదిగా మూత వైపు చేరి మంచుగా పట్టుకుంటుంది, అడుగున గాఢత పెరుగుతుంది. 0.2 లేదా 0.5 మిల్లీలీటర్ల ట్యూబులు తీసుకోండి. వాడే ముందు ఐస్ మీద కరిగించి, ఒకసారి తిప్పి, పిపెట్‌తో కలపండి.

సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో గడ్డకట్టించకండి. చల్లబడే క్రమంలో డైసోడియం ఫాస్ఫేట్ ముందుగా స్ఫటికాలుగా విడిపోతుంది. మిగిలిన ద్రవం పీహెచ్ 7 నుంచి 4 దరిదాపులకు పడిపోతుంది. కరిగించాక పీహెచ్ మళ్లీ 7 చూపిస్తుంది, మధ్యలో ఏం జరిగిందో మీటరు చెప్పదు.

నీటి స్టాక్ ఫ్రిజ్‌లో కొన్ని రోజులు, మైనస్ 20లో కొన్ని వారాల నుంచి నెలలు, మైనస్ 80లో ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. పీహెచ్ 5 నుంచి 6 మధ్య చాలా పెప్టైడ్లు నెమ్మదిగా చెడతాయి.

మైక్రోమోలార్ కంటే పలుచన చేశాక ఇంకో దొంగ తయారవుతాడు: ట్యూబు గోడ. ధన ఆవేశం ఎక్కువున్న పెప్టైడ్లు గాజుకు, నీటికి పడనివి ప్లాస్టిక్‌కు, ముఖ్యంగా పాలీస్టైరీన్‌కు అంటుకుంటాయి. పలుచన ద్రావణాన్ని దాచిపెట్టకుండా ఏ రోజుకారోజు చేసుకోండి. లో-బైండ్ పాలీప్రొపిలీన్ ట్యూబులు వాడండి. ప్రయోగం ఒప్పుకుంటే 0.1 శాతం బీఎస్ఏ (పశువుల రక్తం నుంచి తీసిన ప్రోటీన్) కలపండి, మాస్ స్పెక్ట్రమ్‌కు పంపేదైతే కలపొద్దు. వడపోత అవసరమైతే 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో గాఢ స్టాక్‌నే వడపోయండి. పలుచన చేశాక వడపోస్తే సగం ఫిల్టర్‌కే పోవచ్చు.

ఏ అమైనో ఆమ్లం ఏ బెడద తెస్తుంది

మిథియోనైన్ ఆక్సీకరణ చెందితే మాస్ 16 పెరుగుతుంది, హెచ్‌పీఎల్‌సీలో ఆ శిఖరం అసలుదానికంటే ముందుగా వస్తుంది. ఆస్పరాజిన్ పక్కనే గ్లైసిన్ ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. 37 డిగ్రీల్లో, పీహెచ్ 7.4 దగ్గర అలాంటి చిన్న పెప్టైడ్‌లో సగం ఆస్పరాజిన్ సుమారు ఒక్క రోజులోనే మారిపోతుంది, మాస్ 1 పెరుగుతుంది. గ్లుటమిన్ మొదటి స్థానంలో ఉంటే వలయంగా ముడుచుకుని మాస్ 17 తగ్గుతుంది. ఆస్పార్టిక్ ఆమ్లం తర్వాత ప్రోలీన్ ఉంటే ఆమ్లంలో అక్కడే తెగుతుంది, కనుక దాన్ని అసిటిక్ ఆమ్లంలో రోజుల తరబడి ఉంచొద్దు.

విడి సిస్టీన్ ఉంటే ద్రావకంలోంచి పది పదిహేను నిమిషాలు నైట్రోజన్ బుడగలు పోనిచ్చి ఆక్సిజన్‌ను తరిమేశాకే వాడండి. సిస్టీన్ల మధ్య డైసల్ఫైడ్ బంధాలను తెంపే డీటీటీ కలిపే ముందు ఒకసారి ఆగి ఆలోచించండి. ఆక్సిటోసిన్‌నే చూడండి, తొమ్మిది అమైనో ఆమ్లాలు, ఒకటో స్థానానికీ ఆరో స్థానానికీ మధ్య డైసల్ఫైడ్ బంధం. ఆ బంధమే దానికి ఆకారం. "సిస్టీన్ ఉంది కదా" అని డీటీటీ పోస్తే ఆ బంధాన్ని మనమే తెంపినట్టు.

కరెంటు పోతే

అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ జిల్లాల ల్యాబుకు తుఫాను ప్రణాళిక లేకపోతే ఫ్రీజర్ ఉన్నా లేనట్టే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండింటి తర్వాతా చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి.

సెప్టెంబరు చివరికల్లా ఫ్రీజర్‌లో ఖాళీ జాగాలన్నీ నీళ్ల సీసాలతో నింపి గడ్డకట్టించండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ చల్లదనాన్ని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి లోపల వదిలేయండి. సెలవుల తర్వాత వచ్చేసరికి బిళ్ల మంచు పైనే ఉంటే మంచు కరగలేదు. అడుగున గడ్డలో చిక్కుకుని ఉంటే అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట, డిస్‌ప్లే మైనస్ 20 చూపించినా నమ్మొద్దు.

కరెంటు పోయాక తలుపు తెరవకండి, "ఒకసారి చూద్దాం" అని కూడా. తలుపు మీద కాగితం అంటించి టేపు వేయండి. ద్రావణాలు, పొడులు వేర్వేరు డబ్బాల్లో ఉంటే కాపాడాల్సింది ఏదో వెంటనే తెలుస్తుంది: ముందు ద్రావణాలు. మూత సీలుతో సిలికా జెల్ పక్కన ఉన్న పొడి రెండు మూడు రోజుల వెచ్చదనాన్ని చాలావరకు ఓర్చుకుంటుంది. కరెంటు తిరిగొచ్చాక లో-వోల్టేజీ కంప్రెసర్‌ను కాల్చేయకుండా ఆలస్యంగా ఆన్ అయ్యే స్టెబిలైజర్ ఉండాలి. డ్రై ఐస్ వాడితే పెట్టె మూత గట్టిగా బిగించకండి, కిటికీ తెరిచి ఉంచండి. అది ఆవిరైతే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మూసిన గదిలో మనిషిని పడగొడుతుంది.

చేతులు, కళ్లు, వ్యర్థం

పెప్టైడ్ అంటే ప్రోటీన్ ముక్కే కదా అన్న చులకన వద్దు. వీటిలో కొన్ని శరీరంలో నానోగ్రాముల్లో పనిచేసే హార్మోన్లు. నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, పొడితో పనైతే ఫ్యూమ్ హుడ్. డీఎంఎస్ఓ చర్మం గుండా తను వెళ్లడమే కాక తనలో కరిగినదాన్నీ వెంట తీసుకెళ్తుంది, గ్లవ్ మీద పడితే వెంటనే మార్చండి. టీఎఫ్ఏ, గాఢ అసిటిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తాయి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆగకుండా నీటితో కడిగి డాక్టరు దగ్గరికి.

"పరిశోధనకు మాత్రమే" అని రాసి ఉన్న వయల్‌ను ఎవరూ ఒంటికి ఎక్కించుకోకూడదు, జిమ్ స్నేహితుడు అడిగినా ఇవ్వకూడదు. అందులో సూక్ష్మజీవులు, ఎండోటాక్సిన్ (బాక్టీరియా విషం) లేవని ఎవరూ పరీక్షించి ఉండరు. వయల్స్ తాళం ఉన్న ఫ్రీజర్‌లో, రిజిస్టర్ లెక్కతో ఉండాలి.

పొడి ఒలికితే చీపురు, బ్రష్ వద్దు. తడిపిన టిష్యూ పైన కప్పి, అంచుల నుంచి మధ్యకు తుడవండి, అలా మూడుసార్లు. డీఎంఎస్ఓ, ఆమ్లం, అమోనియా ఉన్న మిగులును సింకులో పోయొద్దు, బ్లీచ్‌తోనూ కలపొద్దు. బ్లీచ్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్, అమోనియా తగిలితే క్లోరమైన్ వస్తాయి. లేబుల్ వేసిన వ్యర్థాల సీసాలోకి పోసి, అధీకృత సంస్థకు అప్పగించండి. సూదులకు మూత మళ్లీ తొడగకుండా, గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి నేరుగా వేయండి.

ఫలితం మారినప్పుడు ఎక్కడ వెతకాలి

అన్ని గాఢతల్లోనూ ఒకే నిష్పత్తిలో ఫలితం తగ్గితే నికర శాతం లెక్క చూడండి. తక్కువ గాఢతల్లోనే తగ్గితే గోడకు అంటుకుంటోంది, ట్యూబు మార్చండి. వారం వారం మెల్లగా తగ్గుతుంటే ఒకే ట్యూబును మళ్లీ మళ్లీ కరిగిస్తున్నారు. కణాలు పెంచే మీడియం రంగు పసుపు వైపు తిరిగితే మిగిలిన టీఎఫ్ఏ పీహెచ్‌ను దించుతుండవచ్చు. ద్రావణంలో తెల్లని దారాలు కనిపిస్తే ముద్దకట్టింది, ఐస్ మీద పది సెకన్ల చొప్పున మూడుసార్లు సోనికేటర్ పెట్టి చూడండి. తేటబడకపోతే ఆ ట్యూబు వదిలేయండి. ఇవేవీ కాకపోతే ఎన్నడూ తెరవని ఒక వయల్‌నూ, అనుమానం ఉన్న స్టాక్‌నూ పక్కపక్కన మాస్ స్పెక్ట్రమ్‌కు పంపండి. 1 మిల్లీగ్రాము చొప్పున ఐదు వయల్స్ తెప్పించమన్నప్పుడు ఒకటి ఎప్పటికీ తెరవకుండా పక్కన పెట్టుకునేది ఇలాంటి రోజు కోసమే.